గంగానమ్మపేటలో బోర్డు కట్టిన రోజులు

తెనాలి నుంచి బెజవాడ వెళ్లే పొద్దుటి పాసింజర్లో లేడీస్ బోగీ ఎప్పుడూ కిటకిటలాడుతుండేది. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, మల్లెపూల బుట్టలతో ఎక్కేవాళ్లు, దుగ్గిరాలలో ఎక్కి కృష్ణా కెనాల్‌లో దిగిపోయే కూలి మనుషులు. 1999 నుంచి 2005 దాకా ఆ బండికి నా దగ్గర సీజన్ టికెట్ ఉండేది. బెజవాడలో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో ఫిజీషియన్‌గా చేసేదాన్ని. ఎప్పుడో ఓసారి బ్యాగులోంచి స్టెత్ గొట్టం బయటికి కనిపించింది. అంతే, ఆ బోగీలో నా పేరు పోయి ‘డాక్టరమ్మ’ మిగిలింది.

బండి కదిలిందంటే అడగడం మొదలు. "డాక్టరమ్మా, మా అత్తకి కాళ్లు పొంగుతున్నాయి, ఉప్పు మానిపించాలా?" "ఈ మాత్ర పరగడుపున వేసుకోవాలా, తిన్నాకా?" "నిద్ర పట్టి చావట్లేదమ్మా, బీపీయేనంటారా?" తోచింది చెప్పేదాన్ని. పరీక్ష చేయించాల్సిన వాళ్లకు ఎక్కడ చేయించుకోవాలో చెప్పేదాన్ని. వారం తిరక్కుండానే అదే మనిషి అదే కిటికీ పక్కన కూర్చుని తర్వాత ఏమైందో చెప్పేది. వాపు తగ్గిందనో, మాత్ర పడలేదనో, ఖర్చని మా ఆయన వద్దన్నాడనో. ఆ ‘తర్వాత ఏమైంది’ అనే కబురు నాకు ఆసుపత్రిలో ఎప్పుడూ దొరికేది కాదు.

ఉద్యోగాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఐసీయూలో నేను నేర్చుకున్న పని ఇప్పటికీ నన్ను కాపాడుతోంది. అక్కడి నర్సుల్లో కొందరు నాకంటే ముందే పేషెంటు మొహం చూసి ప్రమాదం పసిగట్టేవాళ్లు. వాళ్ల పక్కన నిలబడి పనిచేయడం నా అదృష్టం. కానీ ఓపీలో బయట వరసగా కుర్చీలు నిండి ఉండేవి. ఒక మనిషి వచ్చి కూర్చుని, ఊపిరి తీసుకుని, అసలు విషయం చెప్పబోయేలోపే తర్వాతి ఫైలు టేబుల్ మీదికి వచ్చేది. నెలాఖరు మీటింగులో ఎవరు ఎంతమందిని అడ్మిట్ చేశారు, ఎన్ని స్కాన్లు రాశారు అని తెర మీద పేర్లతో సహా చూపించేవాళ్లు. నా పేరు ఎప్పుడూ అడుగునే. అదొక్కటే అయితే భరించేదాన్నేమో. నన్ను తినేసింది డిశ్చార్జ్ కాగితం. చివర్లో ‘రెండు వారాల తర్వాత రావలెను’ అని రాసి సంతకం పెడతాం. చాలామంది రారు. బస్సు ఛార్జీలు, కన్సల్టేషన్ ఫీజు, ఒక రోజు కూలి, ఇవన్నీ కలిస్తే ఎలా వస్తారు? ఆ మనిషి మందులు వేసుకుంటున్నాడా, మానేశాడా, అసలు ఉన్నాడా లేడా, ఏ సంగతీ నాకు తెలిసేది కాదు.

ఈ బెంగ నాకు గుంటూరులో ఎండీ చేసే రోజుల నుంచే ఉంది. 1997, 98 ప్రాంతంలో పత్తి దెబ్బతిని, పల్నాడు నుంచి పురుగుమందు తాగిన రైతుల్ని జీపుల్లో వేసుకుని పెద్దాసుపత్రికి తెచ్చేవాళ్లు. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, ఆవగింజంత అయిపోయిన కంటిపాపలు. కొన్ని నిమిషాలకోసారి పాపలు చూస్తూ, ఛాతీలో గురగుర వింటూ, విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తూ రాత్రంతా పక్కనే కూర్చునేవాళ్లం. అట్రోపిన్ ఎక్కువైతే మంచం మీంచి లేచి పిచ్చిగా మాట్లాడేవాళ్లు, ఇంటివాళ్లు కాళ్లూ చేతులూ పట్టుకునేవాళ్లు. మనిషి దక్కితే మేం పీజీలం ఒకరి మొహం ఒకరం చూసుకుని టీ తాగడానికి వెళ్లేవాళ్లం. వాళ్లు మాత్రం ఇంటికెళ్లేవాళ్లు. అప్పు అక్కడే ఉంది, చేలో పురుగు అక్కడే ఉంది. మళ్లీ వాళ్ల మొహం చూసే దారి మాకు లేదు.

ఉద్యోగం మానేసి తెనాలిలో సొంతంగా క్లినిక్ పెడతానని ఇంట్లో చెప్పినప్పుడు అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నెలకింత అని చేతికొచ్చే జీతం వదిలేసి, వచ్చేవాళ్ల కోసం ఎదురుచూస్తూ కూర్చుంటావా అమ్మాయ్?" అన్నారు. ఆవిడ భయంలో అర్థముంది. పిల్లలిద్దరూ స్కూలుకెళ్తున్నారు. మా ఆయనది కాలేజీ లెక్చరర్ ఉద్యోగం. ఆయన మాత్రం ఒక్కటే అడిగారు, "ఏడాదిపాటు ఏమీ రాదనుకుందాం. ఇల్లు నడుస్తుందా?" ఇద్దరం కాగితం మీద లెక్కేసుకున్నాం. బొటాబొటిగా నడుస్తుందని తేలింది.

మా అమ్మ వేరేలా మాట్లాడింది. అమ్మ గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టింది. మా అమ్మమ్మ దాన్ని చివరిదాకా ‘కుగ్లరమ్మ ఆసుపత్రి’ అనే అంది. అన్నా శారా కుగ్లర్ అమెరికాలో వైద్యం చదివి 1883లో గుంటూరు వచ్చింది. పంపిన లూథరన్ మిషన్‌వాళ్లు ఆమెను మొదట వైద్యానికి పంపలేదు, గడప దాటని ఆడవాళ్లకు చదువు చెప్పడానికి పంపారు. ఆ ఇళ్లకు వెళ్లి కూర్చుంటే ఆడవాళ్లు అక్షరాలకంటే ముందు తమ రోగాలు చెప్పుకున్నారు. మగ వైద్యుడికి చెయ్యి కూడా చూపించని రోజులవి. ఆమె మందులివ్వడం మొదలుపెట్టింది. 1898లో ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి కట్టించింది. 1930లో గుంటూరులోనే పోయింది. "సముద్రాలు దాటొచ్చి, భాష రాని ఊళ్లో ఆవిడ అంత పని చేసిందే, పుట్టిన ఊళ్లో నువ్వు ఒక గది తీసుకుని కూర్చోలేవా?" అంది అమ్మ. అప్పటికి ఊగిసలాడుతున్న మనసు ఆ మాటతో కుదుటపడింది.

డబ్బు సంగతి. బ్యాంకు మేనేజరుగారు నా డిగ్రీలన్నీ పక్కన పెట్టి, "సార్ ఎక్కడ చేస్తారమ్మా?" అని అడిగారు. మా ఆయన జీతం చూసి లోను ఇచ్చారు, నా చదువు చూసి ఇవ్వలేదు. అది నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఈసీజీ మెషీను మాత్రం చీటీ డబ్బులతో కొన్నాను. ఆసుపత్రిలో నర్సులు నడిపే చీటీలో నేనూ ఉన్నాను. ఆ నెల పాటలో నేను పాడబోతున్నానని తెలిసి సిస్టర్లందరూ పోటీకి రాకుండా ఊరుకున్నారు. అందులో ఒకావిడకు ఆ నెలే ఆడబిడ్డ పెళ్లి ఖర్చుందని తర్వాత తెలిసింది. నా మొదటి ఈసీజీ మెషీను, బీపీఎల్ కంపెనీది, అలా వచ్చింది.

తెనాలిలో డాక్టర్లంటే బోస్ రోడ్డు. అక్కడి అద్దెలు నాకు అందేవి కావు. గంగానమ్మపేటలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు, వీధి వైపు రెండు గదులు, చిన్న వరండా. గదులకంటే ముందు నేను చూసింది బాత్రూమ్. లోపల గడియ ఉందా, నీళ్లొస్తాయా, లైటుందా, వరండాలో కూర్చున్న మగవాళ్ల ముందు నుంచి కాకుండా వెళ్లడానికి దారుందా. మాస్టారి భార్య, అందరూ మామ్మగారు అంటారు, ఇదంతా ఎందుకని ఆశ్చర్యపోయి అడిగింది. పల్లెటూళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు దారిలో ఇబ్బందవుతుందని పొద్దుటి నుంచీ మంచినీళ్లు ముట్టరు. అలా బిగబట్టుకుని మూత్రంలో మంటతో వస్తారు. పరీక్షకు సీసా ఇస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియక చీర కొంగులో దాచుకుని నిలబడతారు. ఇదంతా చెబితే ఆవిడ ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిపించి పెరటి వైపు కొత్త తలుపు పెట్టించింది. అద్దెలో ఒక్క రూపాయి పెంచలేదు.

బోర్డు రాసేతను ‘జనరల్ ఫిజీషియన్’ అని రాసి, "అంటే ఏంటండీ, కాన్పులా?" అన్నాడు. అతని ప్రశ్నే ఊరందరి ప్రశ్న అయింది. ఆడ డాక్టరంటే కాన్పుల డాక్టరు అని ఖాయమైపోయింది కదా. మొదట్లో వచ్చినవాళ్లలో సగం మంది నెలలు నిండిన కూతుళ్లను తీసుకొచ్చారు. వాళ్లను బోస్ రోడ్డులోని గైనకాలజిస్టుల దగ్గరికి పంపేదాన్ని. చివరికి బోర్డు కింద ‘షుగరు, బీపీ, గుండె, జ్వరాలు’ అని రాయించాల్సి వచ్చింది. అయినా కొందరు మగవాళ్లు గుమ్మం దాకా వచ్చి, "లోపల డాక్టరుగారు లేరా?" అని నన్నే అడిగేవాళ్లు. "నేనేనండీ, రండి, కూర్చోండి" అనేదాన్ని. కూర్చున్నవాళ్లు మళ్లీ వచ్చారు.

మొదటి కొన్ని నెలలు వరండా కుర్చీలు ఖాళీగా ఉండేవి. వచ్చినవాళ్లలోనూ కొందరికి నేను నచ్చలేదు. "ఒక గ్లూకోజు బాటిలు ఎక్కించండమ్మా, నీరసంగా ఉంది" అనేవాళ్లు. నోటితో తాగగలిగే మనిషికి సెలైన్ అక్కర్లేదని, ఆ బాటిల్లో ఉండేది ఉప్పు నీళ్లో చక్కెర నీళ్లోనని వివరించేదాన్ని. "సూదైనా వేయరా?" అని అడిగి, వేయనంటే లేచి వెళ్లిపోయేవాళ్లు. రాత్రి లెక్క చూసుకుంటే ఆ రోజు కరెంటు ఖర్చు కూడా వచ్చేది కాదు. టెన్షన్ పడలేదంటే అబద్ధం. సూది వేసి పంపడం మాత్రం నా వల్ల కాలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆర్‌ఎంపీ వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. మోపెడ్ ముందు మందుల సంచి. తన పల్లెలో పాతికేళ్లుగా ఆయనే డాక్టరు. నమస్కారం పెట్టి, మర్యాదగానే మొదలుపెట్టారు. "మేడంగారూ, మా వైపు నుంచి కేసులు పంపుతాను. అందరూ ఇచ్చేదే మీరూ చూసుకోండి." ఎంత శాతమో కూడా చెప్పారు. మా ప్రాంతంలో ఇది బహిరంగ రహస్యం. ఆ శాతం ఎక్కడి నుంచి వస్తుంది? అక్కర్లేని పరీక్షల్లోంచి, పేషెంటు జేబులోంచి. ఇవ్వలేనని చెప్పాను. ఆయన లేవబోతుంటే, "ఒక పని మాత్రం చేస్తానండి. మీరు పంపిన ప్రతి మనిషికీ ఏం జబ్బు తేలింది, ఏం మందిచ్చాను, మీరు ఊళ్లో ఏం గమనించాలి అని ఉత్తరం రాసి వాళ్ల చేతికే ఇస్తాను" అన్నాను.

ఆయన మళ్లీ కూర్చున్నారు. "ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు మేడం. గుంటూరు పంపుతాం, బెజవాడ పంపుతాం. ఏమైందో మాకు చావు కబురొస్తేనే తెలుస్తుంది" అన్నారు.

నేను ఆసుపత్రిలో పడ్డ బాధే ఆ మనిషి తన పల్లెలో కూర్చుని పాతికేళ్లు పడ్డారు. ఆ రోజు నుంచి ఆయన పంపిన ప్రతి పేషెంటుతోనూ తెలుగులో ఉత్తరం రాసి పంపాను. అవన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో దాచుకునేవారు. అలాంటివాళ్లు ఇంకొందరు కలిశారు. కలవనివాళ్లు, "ఆవిడ దగ్గరికెందుకు, సెలైన్ కూడా పెట్టదు" అని నా దగ్గరికి వచ్చేవాళ్లను దారి మళ్లించారు. వాళ్ల మీద నాకు కోపం లేదుగానీ, దారి మళ్లిన పేషెంట్ల గురించి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

2006లో చికున్‌గున్యా రాష్ట్రాన్ని చుట్టేసినప్పుడు ఆ ఉత్తరాల విలువ తెలిసింది. ఇళ్లకు ఇళ్లు మంచం పట్టాయి. పొద్దున నడిచిన మనిషి సాయంత్రానికి గోడ పట్టుకుని కూడా లేవలేకపోయేవాడు. జ్వరం తగ్గినా కీళ్ల నొప్పులు నెలల తరబడి వదల్లేదు. కలుపు తీయడానికి వంగలేక, పొయ్యి ముందు కూర్చోలేక ఆడవాళ్లు ఏడ్చేవాళ్లు. దానికంటూ ప్రత్యేకమైన మందు లేదు. పారాసెటమాల్, నీళ్లు, విశ్రాంతి. పల్లెల్లో మాత్రం డెక్సా అనే స్టెరాయిడ్ సూదులు విరివిగా వేసేస్తున్నారు. నొప్పి రెండు రోజులు పోతుంది, షుగరు ఉన్నవాడికి అది ఒక్కసారిగా పైకి పాకుతుంది. ఆ మోపెడ్ ఆర్‌ఎంపీగారు మాత్రం సూది తీయబోయే ముందు నాకు ఫోన్ చేసేవారు. "మేడం, వీడికి షుగరుందని మీరే రాశారు. వెయ్యనా, మాననా?" "మానండి. పగలు కుట్టే దోమండీ ఇది, ముందు ఆ ఇంట్లో నీళ్ల డ్రమ్ములకు మూతలు పెట్టించండి" అనేదాన్ని. ఆయన ఇల్లిల్లూ తిరిగి పెట్టించారు.

ఆడవాళ్లు నా దగ్గరికి రావడం మొదలయ్యాక, వాళ్లు చెప్పే మొదటి మాటా వాళ్ల జబ్బూ ఒకటి కాదని అర్థమైంది. ఒకావిడ మోకాళ్ల నొప్పులని వచ్చింది. కొల్లిపర వైపు అరటితోటల్లో పనిచేసే మనిషి. నేనేమడిగినా పక్కనున్న భర్తే జవాబు చెబుతున్నాడు. అతని చేతికి చీటీ ఇచ్చి, "బాబూ, ఎదురు షాపులో ఈ సిరంజి తెచ్చిపెట్టు" అన్నాను. అతను గుమ్మం దాటాడు. ఆవిడ తలుపు వైపు చూసింది, కర్టెన్ వైపు చూసింది, కుర్చీ ముందుకు జరుపుకుంది. "కింద దురదమ్మా. మంట. రాత్రుళ్లు గోళ్లతో రక్కేసుకుంటన్నా. ఎవరికి చెప్పను?" అంది. కొబ్బరినూనె రాసుకుంటూ నెలలు గడిపేసింది. వేలి కొస గుచ్చి గ్లూకోమీటర్ పెడితే మూడు వందల ఎనభై. మూత్రంలో చక్కెర పోతుంటే అక్కడ ఫంగస్ పెరుగుతుంది. చాలామంది ఆడవాళ్లలో షుగరు జబ్బు ముందుగా తలుపు తట్టేది అలాగే. అంతకుముందు ఆవిడ వెళ్లిన చోట్లన్నీ మోకాళ్లకు మాత్రలిచ్చి పంపారు. వాళ్లను మాత్రం ఏమనను? ఆవిడ వాళ్లకు చెప్పనే లేదు, చెప్పే వీలు ఎవరూ కల్పించలేదు.

ఇంకో ఇంటి నుంచి కొత్త కోడలు. అత్తగారు ముందే ఫిర్యాదు చేసింది, "ఏ పనీ చేయదమ్మా, మెట్లెక్కితే ఆయాసమంటది, ఒట్టి బద్ధకం." ఆ పిల్ల కింది రెప్ప తీసి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. గోళ్లు మధ్యలో గుంటలు పడ్డాయి. "బియ్యం తింటున్నావా అమ్మా?" అన్నాను. పిల్ల చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అదా! డబ్బాలో బియ్యం ఎలా తరిగిపోతున్నాయా అనుకుంటన్నా!" అంది అత్తగారు. హిమోగ్లోబిన్ ఆరు కూడా లేదు. ఒంట్లో ఇనుము తగ్గితే పచ్చి బియ్యం, మట్టి, బలపాలు తినాలనిపిస్తుంది, అది చెడ్డ అలవాటు కాదు, జబ్బు చేసిన సైగ అని ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. నులిపురుగుల మాత్ర, ఐరన్ మాత్రలు రాశాను. మాత్ర వేసుకున్నప్పుడు టీ, పాలు తాగొద్దు, నిమ్మరసం తాగమన్నాను. తెనాలిలో నిమ్మకాయలకు కరువేముంది. కొన్ని నెలలకు ఆ అత్తగారే తీసుకొచ్చి, "ఇప్పుడు బియ్యం డబ్బా పక్కన పెట్టినా చూట్టంలేదమ్మా" అంది. తర్వాత ఆవిడకూ షుగరు తేలింది. ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు.

ముప్పై ఐదేళ్లకే ఒళ్లంతా సెగలు, ఎముకల నొప్పులు, గుండెదడ అని వచ్చినవాళ్లను అడిగితే చాలామంది చెప్పింది ఒకటే, "గర్భసంచి తీసేశారమ్మా." తెల్లబట్ట అయిందని తీశారు, నడుం నొప్పని తీశారు. అండాశయాలు కూడా పోయాయో లేదో ఆ మనిషికి తెలియదు, చేతిలో కాగితం లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు తొమ్మిది మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. దేశం మొత్తం మీద అది నూటికి మూడు. ఆ అంకె చూసి నేను ఆశ్చర్యపోలేదు. వాళ్లంతా అప్పటికే నా వరండాలో కూర్చుని ఉన్నారు. అడగాల్సినవాళ్లెవరూ అడగకుండా అంతమంది ఆడవాళ్ల ఒంట్లోంచి ఒక అవయవం పోయిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మొదటి రోజు నుంచీ లాంగ్ నోట్‌బుక్కులో ఊరి పేరు మీద పేజీలు వేసి రాసుకునేదాన్ని. మనిషి, ఇంట్లో ఎవరెవరు, ఏ జబ్బు, ఏ మందు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నాను, వచ్చారా లేదా. రాకపోతే ఆ ఊరి నుంచి వచ్చినవాళ్లతో కబురు పంపేదాన్ని. ఆ నోట్‌బుక్కులు బీరువా నిండా పెరిగాయి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు. డాక్టర్లు ఫోన్‌లో వైద్యం చెప్పడానికి కేంద్రం 25వ తేదీన మార్గదర్శకాలు ఇచ్చింది. బస్సులు లేవు, షుగరు వాళ్లకు మందులు అయిపోతుంటాయి. ఊరి పేజీలు ముందేసుకుని, పెద్దవాళ్లున్న ఇళ్లకు నేనే వరసగా ఫోన్లు చేయడం మొదలుపెట్టాను. ఒక ఇంట్లో ఆ బియ్యం తిన్న కోడలే ఎత్తింది. ఇద్దరు పిల్లల తల్లి ఇప్పుడు.

"అత్తయ్యకి పొద్దుటి నుంచి కళ్లు తిరుగుతున్నాయంటన్నారమ్మా. చెమటలు పడుతున్నాయి. కరోనానా అని భయంగా ఉంది."

"షుగరు మాత్ర వేసిందా?"

"వేసుకున్నారు."

"ఏమైనా తిన్నదా?"

"లేదమ్మా, సరుకులు తక్కువున్నాయని పొద్దున మానేశారు."

"ముందు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించు. ఫోన్ పెట్టకు, నేను లైన్లోనే ఉన్నా. తేరుకున్నాక అన్నం కలిపి నువ్వే దగ్గరుండి పెట్టు. ఆ మాత్ర రేపటి నుంచి సగమే."

గ్లాసులో చెంచా చప్పుడు వినిపించింది. కాసేపటికి ఆవిడే ఫోన్ తీసుకుని, "బియ్యం సరిపోవని నేను ఒక పూట మానేస్తన్నానమ్మా" అంది. ఆ సాయంత్రమే ఆ ఊరి ఆర్‌ఎంపీ కొడుక్కి ఫోన్ చేశాను. తండ్రి మోపెడ్ ఇప్పుడు అతనే నడుపుతున్నాడు. ఆ ఇంటికి బియ్యం, నెల మాత్రలు చేర్చి, మర్నాడు పరగడుపున షుగరు చూసి చెప్పాడు. ఆ అంకె పేజీలో రాసుకుని తర్వాతి ఇంటికి ఫోన్ చేశాను.